ఎండ తగలని నాయికలు

టీవీ సీరియల్లో ఆడదానికి ఎన్ని కష్టాలైనా రావచ్చుగానీ, ఎండ మాత్రం తగలకూడదు. మీరెప్పుడైనా గమనించారా? భర్త వదిలేస్తాడు, తోడికోడలు పాలల్లో ఏదో కలుపుతుంది, ఆస్తి కాగితాలు మాయమవుతాయి. ఇన్ని ఘోరాలూ ఆ హాల్లోనే, ఆ మెట్ల దగ్గరే, ఆ సోఫా చుట్టూనే జరిగిపోతాయి. కొంగు నలగదు. కాలికి దుమ్మంటదు.

మా శామీర్‌పేట వైపు తోటల మధ్య అలాంటి యిల్లొకటి షూటింగులకి అద్దెకిస్తున్నారు. బయట ఏనుగుల మంద పడుకున్నట్టు రాతిగుట్టలు, సీతాఫలం చెట్లు, కావలసినంత ఆకాశం. లోపల కిటికీలకి తెరలు దించి, లైట్లు వేసి, పట్టపగలు కోడల్ని ఏడిపిస్తుంటారు.

ఆ యింటికొచ్చే నిర్మాతల్లో ఒకాయన, కుర్రవాడే, నా నవలేదో చదివానంటూ మేడ్చల్‌లో మా యిల్లు వెతుక్కుంటూ వచ్చాడు. "అత్తాకోడళ్ళతో జనం విసిగిపోయారు మేడమ్. పాత సాహస కథలేమైనా చెప్పండి. మాంత్రికులూ, దీవులూ, సొరంగాలూ... గ్రాఫిక్స్ సంగతి మేం చూసుకుంటాం" అన్నాడు. విసిగిపోయారన్న మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. కాఫీ రెండోసారి కూడా ఇచ్చాను.

సాహస కథలకి మనకి కరువా? మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథలే పన్నెండు భాగాలు. మణిసిద్ధుడనే యతి కాశీకి బయల్దేరతాడు. తోడుగా వచ్చే పశువుల కాపరి కుర్రాడు ఒక్క షరతు పెడతాడు: దారిలో తను చూసిన ప్రతి వింతకీ కథ చెప్పాలి. మజిలీకో కథ. సీరియల్‌కి అంతకంటే మంచి కట్టుబడి ఎవరు కనిపెట్టగలరు? 1951లో వచ్చిన 'పాతాళభైరవి'కి మూలం ఆ కథల్లోదేనంటారు. ఆ సినిమా తీసిన నాగిరెడ్డి, చక్రపాణి గార్లే అంతకు నాలుగేళ్ళ ముందు, 1947 జూలైలో, చందమామ పెట్టారు. ఒకే చేత్తో పిల్లలకీ పెద్దలకీ మాంత్రికుణ్ణి పంచారన్నమాట.

చందమామ అనగానే మీక్కూడా ఏదో గుర్తొచ్చే వుంటుంది. తోకచుక్క, మకరదేవత, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం... ఆ పేర్లు వరసగా పైకి చదివితేనే వొళ్ళు జలదరిస్తుంది. ఆ పేర్ల కింద చిత్రా గారి బొమ్మలు. చివర్న "ఇంకా వుంది" అనే పాపిష్టి మాట. నెల తిరిగేదాకా అన్నం సయించేది కాదు. ఇవన్నీ రాసింది దాసరి సుబ్రహ్మణ్యం గారని మనలో ఎంతమందికి తెలుసు? 1954లో తోకచుక్క మొదలుకొని యేళ్ళ తరబడి పిల్లలందర్నీ అలా నిద్రలేకుండా చేసిన మనిషి పేరు ఆ సీరియళ్ళ మీద వుండేదే కాదు. 2010లో విజయవాడలో కన్నుమూశారు. ఈ మధ్య తార్నాకలోని మంచి పుస్తకం వాళ్ళు వాటిని పుస్తకాలుగా తెచ్చాక అట్టమీద ఆయన పేరు చూస్తే నాకు గొంతు పట్టేసింది. నిర్మాతగారికి ముందే చెప్పాను, ఈ కథలు తీసుకుంటే అనుమతులతోపాటు ఆ పేరు తెరమీద మొదటి అక్షరంగా పడాలని. "తప్పకుండా మేడమ్" అన్నాడు. రాసుకోలేదు.

మా అమ్మ దగ్గర ఆ సీరియళ్ళు విడదీసి కుట్టించుకున్న బైండు పుస్తకాలు మూడున్నాయి. తనకి పద్నాలుగేళ్ళప్పుడు ఒక వానాకాలం శామీర్‌పేట చెరువు నిండి అలుగు పారిందట. మేడ్చల్ నుంచి మా మామయ్యలు ముగ్గురూ సైకిళ్ళేసుకుని చూడ్డానికి పోయారు. అమ్మా చెప్పులేసుకుని వాకిట్లోకొచ్చింది. ఆడపిల్లవి, నీకెందుకన్నారు. సైకిలు మీద గంట ప్రయాణం, అంతే. అమ్మ లోపలికెళ్ళి శిథిలాలయం చదువుకుంది. "వాళ్ళు చెరువే చూసొచ్చిండ్రు. నేను ఎన్ని అడవులు చూసిన్నో!" అంటుంది ఇప్పటికీ. ఆ మాటలో గర్వమెంతో, దుఃఖమెంతో నేనింతవరకూ తేల్చుకోలేకపోయాను.

నిర్మాత వెళ్ళాక ఆ బైండు పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. చదువుతున్నకొద్దీ వొక సంగతి ముల్లులా గుచ్చుకుంది. ఈ అడవుల్లో ఆడవాళ్ళేరీ? కథలు చాలావాటిలో రాజకుమారి ఎత్తుకుపోబడ్డానికే పుట్టినట్టుంటుంది. నదులు దాటేవాడూ, మొసలి నోట్లోంచి తప్పించుకునేవాడూ అందరూ మగపిల్లలే. పాత సాహస కథలో మగవాళ్ళు బయట తిరుగుతారు. కొత్త సీరియల్లో ఆడవాళ్ళు లోపల ఏడుస్తారు. ఒకదాన్ని తీసి ఇంకోదాంట్లో పెడితే ఏమొస్తుందో నాకు వెంటనే కళ్ళకి కట్టింది. సోఫా బదులు మాంత్రికుడి గుహ. అందులో అదే కోడలు, అదే ఏడుపు!

హిందీ వాళ్ళకి ఈ చిక్కు కొంత తక్కువ. దేవకీనందన్ ఖత్రీ 1888లోనే రాసిన 'చంద్రకాంత'లో వేషాలు మార్చే గూఢచారులుంటారు. నాయిక స్నేహితురాలు చపల కూడా అందులో ఆరితేరిన మనిషే. 1994లో దూరదర్శన్‌లో దాన్ని సీరియల్‌గా తీసినావిడా నీరజా గులేరీ అనే స్త్రీయే. అప్పుడు నేను స్కూల్లో వున్నాను. హిందీ సగమే అర్థమయ్యేది. అయినా ఆదివారం పొద్దున టీవీ ముందునుంచి లేపితే వొట్టు!

మరి మనకి? చాలా దూరం ఆలోచించి చివరికి మా వీధి చివరనే ఆగాను. మేడ్చల్ మీదుగా పోయే ఈ నాగపూరు రోడ్డు ఇవాళ ఫ్లైవోవర్లూ లారీలూ తప్ప మరేమీ కాదు. కానీ ఏనుగుల వీరాస్వామయ్య గారు కాశీకి పోయింది ఈ దిక్కుగానే. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ ఆయన. 1830 మే 18న బయల్దేరి కడప, శ్రీశైలం, హైదరాబాదు మీదుగా ఉత్తరానికి తిరిగి నిర్మల, నాగపూరు దాటి కాశీ చేరి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. పదిహేను నెలల పైమాట. ఏ మజిలీలో నీళ్ళున్నాయి, ఏ వూళ్ళో అంగళ్ళున్నాయి, ఎక్కడ దారి రాళ్ళమయం, అన్నీ రాసిపెట్టాడు. ఆయన పోయాక 1838లో అది 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయింది.

ఆయన వెంట వందమంది దాకా పరివారం. అందులో ఇంటి ఆడవాళ్ళూ వున్నారు! నిజం ఆడవాళ్ళు, నిజం ఎండలో, నిజం దారిలో. వాళ్ళు ఎక్కడ వంట చేశారో, నెలసరికి ఏ గుడారం చాటుకి పోయారో, రాత్రి నక్క కూస్తే ఎవరి చెయ్యి పట్టుకున్నారో వాళ్ళెవరూ రాయలేదు. రాయడానికి వాళ్ళ చేతిలో కలం పెట్టినవాళ్ళెవరు?

ఇక ప్రమాదమంటారా, మాంత్రికులక్కర్లేదు. అవి థగ్గుల రోజులు. నిజాం కొలువులో సైన్యాధికారిగా వున్న మెడోస్ టేలర్ 1839లో 'కన్ఫెషన్స్ ఆఫ్ ఎ థగ్' అనే నవల రాశాడు. అమీర్ అలీ అనే థగ్గు తన హత్యలు తానే చెప్పుకుంటాడు. థగ్గులు మీదపడి దోచుకునేవాళ్ళు కారు. "మేమూ అటే పోతున్నాం, కలిసి పోదాం" అని తోడొచ్చేవాళ్ళు. కబుర్లు చెప్పి, పాటలు పాడి, మంచి చోటు చూసి మెడకి రుమాలు బిగించేవాళ్ళు. కత్తులూ రక్తం లేని ఆ మర్యాద తలుచుకుంటే నాకు చందమామ రాక్షసులంతా పెంపుడు పిల్లుల్లా కనిపించారు.

ఈ రెండు పుస్తకాలూ కలిపి మొదటి భాగం రాశాను. కాశీకి పోయే కల్పిత పరివారమొకటి. మా గుట్టల్లాంటి గుట్టల పక్కన సాయంత్రం మజిలీ. మర్యాదస్తులైన బాటసారులు ఎనిమిదిమంది వచ్చి కలుస్తారు. మగవాళ్ళంతా వాళ్ళ కబుర్లకి మురిసిపోతుంటారు. నీళ్ళకెళ్ళిన పద్నాలుగేళ్ళ పిల్ల మాత్రం ఒకటి చూస్తుంది: ఇంత ఉక్కలోనూ ఆ ఎనిమిదిమందిలో ఒక్కడూ నడుముకున్న రుమాలు తీసి చెమట తుడుచుకోవడం లేదు. అక్కడ "ఇంకా వుంది".

నిర్మాతకి ఫోనులో చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. "చాలా బావుంది మేడమ్" అన్నాడు చివరికి. "కానీ... ఈ అమ్మాయికి అత్తగారెవరు?"

అత్తగారూ వుంది నాయనా, ఆవిడా అదే దారిలో నడుస్తోంది, ఆవిడ కాళ్ళూ బొబ్బలెక్కాయి అన్నాను. ఛానెల్‌తో మాట్లాడి చెప్తానన్నాడు. నెలరోజులు దాటింది.

అమ్మ మాత్రం ఆగడం లేదు. ఆయన ఫోను చేశాడా అని ఒక్కసారీ అడగలేదుగానీ, రోజూ సాయంత్రం సీరియల్ మధ్యలో ప్రకటనలు రాగానే నా బల్ల దగ్గరికొస్తుంది. "ఆ పిల్ల రుమాలు సంగతి ఎవరికి చెప్పిందే? మొగోళ్ళకి చెప్తే నమ్ముతరా?" అంటుంది.

రెండో భాగంలో ముందుగా అత్తగారికే చెప్పించాను.