ఏ చెట్టు, ఏ నెల, ఎవరి చేయి

ఆయన దాల్చిన ఆకు చేతికి రాగానే వాసన చూడడు. ముందు వెనక్కి తిప్పి, పొడవునా పరిగెత్తే మూడు ఈనెల మధ్య గోటితో గీరతాడు. తర్వాత ఆ గోటిని ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంటాడు. "ఇది ఇంకా లేత. లేతాకు నూనె వేరు, ముదురాకు నూనె వేరు. రెండూ కలపకూడదు" అని ఆ కొమ్మను పక్కకు నెట్టేస్తాడు. ముదురాకు దొరికితే చేతులకు తొందర వస్తుంది. నాలుగైదు ఆకులు కలిపి చుట్టి, సన్నగా తరిగి, తూకం వేసి, అడుగు గుండ్రంగా ఉన్న గాజు కుండలోకి దించుతాడు. ఒక్క ముక్క కింద పడినా ఏరి తూకంలోకి తెస్తాడు.

ఇదంతా జరిగేది పోర్ట్ బ్లెయిర్ శివార్లలో ఒక ల్యాబ్ వెనక ఉన్న రేకుల షెడ్డులో. 2024 సెప్టెంబరులో నగరానికి శ్రీ విజయపురం అని పేరు పెట్టారు. జనం నోట మాత్రం ఇంకా పాత పేరే వినిపిస్తోంది. అండమాన్ ద్వీపాల మొక్కలు రోగక్రిములను ఎంతవరకు అడ్డుకుంటాయో చూసి రాయమని మా సంపాదకులు పంపారు. ల్యాబ్ గదులన్నీ తిప్పి చూపించడానికి ఒక యువ పరిశోధకురాలు సిద్ధంగా ఉంది. నేను షెడ్డు దగ్గరే ఆగిపోయాను. ఆ చేతులను వదిలి వెళ్లబుద్ధి కాలేదు.

ఆయన తండ్రి శ్రీకాకుళం తీరం నుంచి వేటకు వచ్చి ఇక్కడి జంగ్లీఘాట్‌లో స్థిరపడ్డాడు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ ద్వీపాల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవారు సుమారు 13 శాతం. అందులో ఉత్తరాంధ్ర మత్స్యకార కుటుంబాలే ఎక్కువగా కనిపిస్తాయి. ఈయన వలను వదిలి తోటపనిలో చేరి, అక్కడి నుంచి ల్యాబ్‌కు వచ్చాడు. ఇప్పుడు రిటైర్మెంటు దగ్గర పడింది. నేను "బాబాయ్" అని పిలిచాను. ఆయన "ఏటమ్మా" అని పలికాడు. ఇక మా మధ్య పరిచయాల అవసరం లేకపోయింది.

కుండ కింద హీటర్ వెలిగింది. అమెరికాకు చెందిన క్లెవెంజర్ 1928లో ప్రకటించిన గాజు అమరిక అది. నీరు మరిగి ఆవిరవుతుంది. ఆ ఆవిరి ఆకులోని నూనెను వెంటబెట్టుకుని పైకి లేస్తుంది, చల్లటి గొట్టంలో మళ్లీ ద్రవమవుతుంది. కొలత గీతలున్న సన్నటి గొట్టంలో నీరూ నూనే విడిపోతాయి. నీరు వెనక్కి కుండలోకి పోతుంది. కుండెడు ఆకుకు చివరకు మిగిలేది చిటికెన వేలి గోరంత నూనె.

"సూడమ్మా, నిమ్మగడ్డి నూనైతే పైన తేల్తాది. ఇది మునిగిపోతాది. అందుకని దీనికి గొట్టం వేరేది పెట్టాల. తేలే నూనె గొట్టం దీనికి పెడితే నూనంతా తిరిగి కుండలోకి ఎల్లిపోతాది. ఏటీ రాలేదని మన వోలు రాసేస్తారు."

ఒకే దాల్చిన చెట్టు మూడు రకాల నూనెలిస్తుంది. ఆకు నూనెలో అత్యధిక భాగం యూజినాల్. లవంగానికి ఆ ఘాటు ఇచ్చేదీ, పంటి డాక్టరు జింక్ ఆక్సైడ్‌తో కలిపి పుచ్చిన పన్నులో పెట్టేదీ అదే. బెరడు నూనెలో ఎక్కువగా ఉండేది సిన్నమాల్డిహైడ్. మనం బిర్యానీలో గుర్తుపట్టే వాసన దానిది. వేరు బెరడు నూనెలో కర్పూరం ప్రధానం. చెట్టు ఒక్కటే, పేరు ఒక్కటే, నూనెలు మాత్రం మూడు. అండమాన్‌లో కొబ్బరి, పోక తోటల నీడన మిరియం, లవంగం, జాజికాయలతో పాటు దాల్చినను కూడా పెంచుతారు. బెరడు కోసం కొమ్మలు నరికి ఒలుస్తారు. ఒలిచిన కొమ్మల ఆకు తోటలోనే మిగిలిపోతుంది. బాబాయ్ ఆ ఆకునే గోనె సంచుల్లో తెచ్చుకుంటాడు.

నన్ను ఇంకా వెంటాడుతున్న మాట అక్కడే విన్నాను. పరిశోధకురాలు ఒక చిన్న గోధుమరంగు సీసా పట్టుకుని షెడ్డులోకి వచ్చింది. బాబాయ్ దాన్ని అందుకుని తిప్పి చూశాడు.

"దీనిమీద దాల్చిన నూనె అని రాసేరు. ఆకుదా, బెరడుదా?"

"కొన్న సీసా బాబాయ్. వాళ్లు అంతే రాశారు."

"ఏ తోటది? ఏ నెలలో కోసేరు?"

"అది ఎలా తెలుస్తుంది?"

"మరి మన నూనె ఎందుకు వాడలేదమ్మా?"

ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. కొన్న నూనె అయితే పరిశోధన పత్రంలో కంపెనీ పేరు రాస్తే సరిపోతుందట. ఇక్కడ తీసిన నూనె అయితే అందులో ఏమేమి ఎంతెంత ఉన్నాయో గ్యాస్ క్రొమటోగ్రఫీ నివేదిక జత చేయాలి. ఆ యంత్రం కోసం నమూనాను మెయిన్‌ల్యాండ్‌కు పంపాలి, డబ్బు అడగాలి, నెలలు ఎదురుచూడాలి. ఆమె తప్పేమీ లేదు. గడువు నెత్తిమీద ఉన్న ఎవరైనా అదే చేస్తారు. కానీ రేకుల షెడ్డుకూ సూక్ష్మజీవుల గదికీ మధ్య ఉన్న పది అడుగుల వసారా దాటలేక ద్వీపంలో తీసిన నూనె ఆగిపోవడం నాకు చాలా బాధ కలిగించింది.

లోపలికి వెళ్లి ప్లేట్లు చూశాను. అగర్ అనే జెల్లీ మీద బ్యాక్టీరియాను పరిచి, నూనెలో తడిపిన 6 మిల్లీమీటర్ల కాగితపు బిళ్లను మధ్యలో పెడతారు. రాత్రంతా 37 డిగ్రీల వేడిలో ఉంచితే, బ్యాక్టీరియా పెరగలేని చోట బిళ్ల చుట్టూ తేట వలయం కనిపిస్తుంది. వలయం పెద్దదైతే నూనె గట్టిదని మనకు అనిపిస్తుంది. కానీ నూనె నీటితో కలవదు, తడిగా ఉన్న అగర్‌లోకి సరిగా పాకదు, పైగా ఆవిరై ఎగిరిపోతుంది. గట్టి నూనెకు చిన్న వలయం రావచ్చు. అందుకే నిజమైన పరీక్ష ద్రవంలో చేస్తారు. ఎంత తక్కువ మోతాదు దగ్గర పెరుగుదల ఆగిపోయిందో చూస్తారు.

రెండు నూనెలు కలిస్తే బలం పెరుగుతుందా అని జంటగా పరీక్షించేది కూడా ఇలా ద్రవంలోనే. ఎనిమిది వరుసలు, పన్నెండు నిలువులు, మొత్తం 96 చిన్న గుంటలున్న పలక అది. ఒక నూనెను అడ్డంగా, రెండో దాన్ని నిలువుగా క్రమంగా పలచన చేస్తూ పోతారు. ప్రతి గుంటలో రెండింటి పాలు వేరు. రెసాజురిన్ అనే నీలిరంగు వేస్తే, బ్యాక్టీరియా బతికున్న గుంట గులాబీ రంగుకు మారుతుంది, పెరుగుదల ఆగిన చోట నీలమే మిగులుతుంది. జంటలో ఒక్కో నూనె మోతాదు దాని ఒంటరి మోతాదులో ఎంత భాగమో లెక్కించి రెండూ కూడుతారు. మొత్తం 0.5 లేదా అంతకంటే తక్కువైతే అవి ఒకదానికొకటి నిజంగా బలమిచ్చాయని అర్థం. 4 దాటితే ఒకదాన్నొకటి చెడగొట్టుకున్నాయని. మధ్యలో ఉంటే విశేషమేమీ లేదు.

ఇప్పుడు ఆ సీసాను తలచుకోండి. లవంగ నూనెనూ దాల్చిన నూనెనూ జంటగా పరీక్షిస్తున్నారనుకుందాం. దాల్చినది ఆకు నూనె అయితే, రెండింట్లోనూ ప్రధానంగా ఉన్నది యూజినాలే. యూజినాల్‌కు యూజినాల్‌ను కలిపి, కలయిక ఫలితం అని రాసుకున్నట్టు. ఒక పదార్థాన్ని దానితోనే కలిపితే లెక్క 1 దగ్గర తేలుతుంది, అందులో తెలిసేది శూన్యం. అదే బెరడు నూనె అయితే యూజినాల్, సిన్నమాల్డిహైడ్ అనే రెండు వేర్వేరు పదార్థాలు ఎదురుపడుతున్నాయి. అది అడగదగ్గ ప్రశ్న. "ఆకుదా, బెరడుదా?" అని బాబాయ్ అడిగిన మాట మీద ఆ ప్రయోగమంతా ఆధారపడి ఉంది. ఆయనకు ఆ 96 గుంటల పలక గురించి ఎవరూ చెప్పలేదు. అయినా అడగవలసింది అదేనని ఆయన చేతులకు తెలుసు.

కలయికల వెనక శాస్త్రం గట్టిదే. ఈ నూనెల్లోని పదార్థాలు ముఖ్యంగా బ్యాక్టీరియా పొర మీద దాడి చేస్తాయి. పొర సడలి లోపలి లవణాలు, శక్తినిచ్చే అణువులు బయటికి కారిపోతాయి. మన పెరటి వాము ఆకులో ఉండే కార్వక్రాల్‌నే చూడండి. దాని పక్కన పి-సైమీన్ ఉంటుంది. దానికి విడిగా పెద్ద బలం లేదు గానీ, అది పొరను ఉబ్బించి కార్వక్రాల్‌కు దారి ఇస్తుంది. నోరు పుక్కిలించే ద్రవం లిస్టరిన్ పుట్టింది 1879లో. థైమాల్, యూకలిప్టాల్, మెంథాల్, మిథైల్ శాలిసిలేట్ అనే నాలుగింటి కలయికతోనే అది ఇన్ని తరాలు నిలిచింది. ఏది ఎంత శాతమో తెలుసు కాబట్టే ఏ దేశంలో చేసినా అదే పని చేస్తుంది. తమలపాకు సంగతి అలా కాదు. ఒక రకం ఆకులో యూజినాల్ ఎక్కువ, మరో రకంలో చావిబెటాల్ ఎక్కువ. అందుకే "తమలపాకు నూనె పనిచేసింది" అన్న వాక్యం ఏ రకమో చెప్పకపోతే అసంపూర్ణం.

ఈ ద్వీపాలకు ఈ ఖచ్చితత్వం ఎందుకు కావాలి? ఇక్కడి ఆసుపత్రుల్లో మందులకు లొంగని క్రిముల ముప్పు నిజమైనది కాబట్టి. భారత వైద్య పరిశోధన మండలి 1983లో పోర్ట్ బ్లెయిర్‌లో ప్రాంతీయ వైద్య పరిశోధన కేంద్రాన్ని స్థాపించింది. అండమాన్ రక్తస్రావ జ్వరం అని జనం భయపడిన రోగం నిజానికి లెప్టోస్పైరోసిస్ అని 1990ల మొదట్లో తేల్చింది ఆ కేంద్రమే. రక్త విరేచనాలు తెచ్చే షిగెల్లా మందులను తట్టుకునే శక్తి అండమాన్‌లో 2000 తర్వాతి దశాబ్దంలో వేగంగా పెరిగిందని, లొంగని మందుల జాబితా కూడా విస్తరించిందని ప్రచురించిందీ అక్కడి శాస్త్రజ్ఞులే. షిగెల్లా కణాలు వంద లోపు కడుపులోకి పోయినా రోగం రావచ్చు. ఓడల మీద, వానాకాలంలో విమానాల మీద ఆధారపడే చోట కొత్త మందు చేతికి రావడం అంత తేలిక కాదు.

అలాగని దాల్చిన నూనె తాగితే విరేచనాలు తగ్గుతాయని ఎవరూ అనుకోవద్దు. గాఢమైన నూనె నోటినీ చర్మాన్నీ కాలుస్తుంది. లవంగ నూనె మింగిన చిన్నపిల్లల కాలేయం దెబ్బతిన్న సంఘటనలున్నాయి. గాజు గుంటలో గెలిచిన మోతాదు చేప మాంసంలో గెలవదు, కొవ్వూ ప్రోటీనూ నూనెను పట్టేసుకుంటాయి. షిగెల్లా, సూడోమోనాస్ లాంటి గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియాకు బయట మరో పొర ఉంటుంది, అది చాలా నూనెలను ఆపేస్తుంది. అందుకే నోరు పుక్కిలించే ద్రవాలు, గిన్నెలూ బల్లలూ తుడిచే ద్రవాలు, చేపలు ఉంచే పెట్టెలు, కొన్ని యాంటిబయాటిక్‌లకు తోడు అనే దారుల్లో ఈ నూనెలను వెతకాలి. వెతకాలంటే ముందు మన చేతిలో ఉన్నదేమిటో మనకు తెలియాలి.

ఆ తెలివి ఈ నేల మీద కొత్తది కాదు. ఇక్కడి ఆదివాసులైన ఓంగీలు, జారవాలు తేనె తీసేటప్పుడు అల్లం కుటుంబానికి చెందిన ఒక మొక్క కాడను నమిలి, ఆ రసాన్ని ఒంటికి పూసుకుని, తేనెటీగల మీద ఊస్తారు. ఈగలు తొలగిపోతాయి. ఏ మొక్క, అందులో ఏ భాగం, ఎంత నమలాలి అన్నదాంట్లో వాళ్లకు పొరపాటు లేదు.  ఇక్కడి కూరల్లో వేసే బర్మా ధనియా అమెరికా ఖండం నుంచి వచ్చి ద్వీపపు వంటింట్లో స్థిరపడింది. గరాచర్మలోని కేంద్ర ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ దానిలో వెడల్పాటి ఆకుల రకాన్ని విడుదల చేసింది. దాని ఘాటుకు కారణమైన పదార్థాలకూ బ్యాక్టీరియాను అడ్డుకునే శక్తి ఉంది. మొక్కలున్నాయి, సంస్థలున్నాయి, చదువుకున్న పిల్లలున్నారు. లేనిదల్లా వాటిని కలిపే పని.

వాము చరిత్ర మనకు హెచ్చరిక. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు మన వాము గింజలు ఓడలెక్కి జర్మనీకి వెళ్లేవి. వాటి నుంచి థైమాల్ తీసి అమ్మేది అక్కడివాళ్లు. యుద్ధంతో ఆ దారి మూసుకుపోయాకే దాన్ని ఇక్కడ తయారుచేయడం మీద పట్టుదల వచ్చింది. గింజ మనది, వాసన మనది, గింజలో ఏముందో చెప్పే మాట మాత్రం పరాయివాళ్లది. ఈ రోజు ఒక ద్వీపపు ల్యాబ్ బయట కొన్న సీసా మీద ఆధారపడటంలో నాకు అదే పోలిక కనిపిస్తోంది.

సాయంత్రం బాబాయ్ చెక్కపెట్టె తెరిచి ఒక నోటుపుస్తకం చూపించాడు. తేదీ, చెట్టు నంబరు, ముందురోజు వాన పడిందా లేదా, ఆకు లేతదా ముదురుదా, ఎంత తూకం, ఎంత నూనె, ఎన్ని గంటలు ఉడికింది, రంగు ఎలా ఉంది. అంతా తెలుగులో, గుండ్రటి అక్షరాల్లో, కొట్టివేతలు లేకుండా ఉంది. "ఎవులైనా అడిగితే సెప్పడానికి రాసుకున్నాను. ఇన్నాల్లూ ఎవులూ అడగలేదు" అన్నాడు. ఆ గొంతులో నిందలేదు. ఆ నింద నేనే మోస్తున్నాను.

ఆ పుస్తకంలోని ప్రతి పంక్తినీ కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. ప్రతి నూనెలోంచి కొంచెం తీసి మెయిన్‌ల్యాండ్‌కు పంపి, ఏ నెల నూనెలో యూజినాల్ ఎంతో తెలుసుకోవాలి. అదే నూనెను ఈ ద్వీపపు షిగెల్లా మీద, ఇక్కడి ఆసుపత్రుల బ్యాక్టీరియా మీద విడిగా, జంటగా పరీక్షించి, పట్టికలో చెట్టు నంబరు పక్కన ఫలితం రాయాలి. పత్రంలో నూనె తీసిన మనిషి పేరు పెట్టాలి. బాబాయ్ రిటైరయ్యే లోపు ఇద్దరు కుర్రవాళ్లను ఆయన పక్కన కూర్చోబెట్టి, ఆకు గీరడం నేర్పించాలి. వీటికి అయ్యే ఖర్చు ఒక పెద్ద యంత్రం కొనే ఖర్చులో చిన్న భాగం. మందులకు లొంగని క్రిములు మన గడువుల కోసం ఆగవు. ఈ పని చేయించే అధికారం ఉన్నవాళ్లు ఈ వానాకాలంలోనే, కొత్త ఆకు ముదిరే లోపే మొదలుపెట్టాలి.