ఇంటి జపమాలలో పిల్లల వంతు

జ్ఞానస్నానం రోజున “బిడ్డను విశ్వాసంలో పెంచుతారా?” అని ఫాదర్‌గారు అడిగేది అమ్మానాన్నల్ని, సత్యోపదేశం టీచర్‌ని కాదు. రెండో వాటికన్ మహాసభ కూడా 1964లో కుటుంబాన్ని గృహ శ్రీసభ అంది. పిల్లలకు తొలి బోధకులు తల్లిదండ్రులేనంది. మనమేమో ఆదివారం పూజకి తీసుకెళ్ళి, క్లాసులో కూర్చోబెడితే చాలనుకుంటాం.

అక్టోబరు జపమాల నెలలో మా అక్కావాళ్ళింట్లో చూశాను. మొత్తం జపమాల చెప్పాల్సిందేనని పట్టుబట్టలేదు. అన్నాలకు ముందు ఒక్క పది పూసలు, అంతే. మంగళవార్త జపం మొదలెట్టేది పిల్లాడు, అందుకునేది పెద్దవాళ్ళు. ఎవరి కోసమో కూడా వాడే చెప్పాలి.

“మా ఆటో అంకుల్ కాలు తగ్గాలి” అన్నాడు.

బావగారు నవ్వలేదు. “సరే నాన్నా, అంకుల్ కోసం” అని సిలువ గుర్తు వేసుకున్నారు. మధ్యలో వాడు ఒకే పూసని రెండుసార్లు లెక్కపెట్టాడు. ఎవరూ దిద్దలేదు.

ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్ళకి తీసుకెళ్ళడం మంచిదే. కానీ అంత జనంలో కొండెక్కుతూ మరియమ్మ తల్లితో ఏం మాట్లాడాలో పిల్లలకి తెలియాలంటే, ఆ మాటలు ఇంట్లోనే నోటికి అలవాటవ్వాలి. ఈ రాత్రి ఒక్క పది పూసలు వాళ్ళకి అప్పగించి చూడండి.

టీవీ కట్టేసే పని మాత్రం మనదే!