క్వార్ట్‌సైట్‌లో సింకు మార్చాం

ట్రైలర్ అంటే సినిమా ట్రైలర్ కాదండోయ్. బండి వెనక తగిలించుకుని లాక్కెళ్లే చిన్న ఇల్లు. మాది 1968 మోడల్, మా నాన్న కంటే ఒక్క ఏడాది చిన్నది. నేనూ, మా రూమ్మేటూ చెరిసగం వేసుకుని కొన్నాం. రెండు మంచాలు, గ్యాస్ స్టవ్, బొమ్మరిల్లు సైజులో ఓ సింకు. అంతే.

అమ్మానాన్నా కనిగిరి నుంచి వచ్చి నెలైంది. నేను పొద్దున లాగిన్ అయితే సాయంత్రం దాకా మీటింగులే. చాండ్లర్‌లోని మా అపార్ట్‌మెంట్‌లో అమ్మ కిటికీ దగ్గర కూర్చుని కార్లు లెక్కపెట్టేది. అందుకే జనవరిలో నాలుగు రోజులు సెలవు పెట్టి, రూమ్మేట్ పికప్ అడిగి, ట్రైలర్ తగిలించి క్వార్ట్‌సైట్ తీసుకెళ్లాను.

ఫీనిక్స్ నుంచి ఐ-10 హైవే మీద పడమరకి దాదాపు 200 కిలోమీటర్లు. ఎండాకాలం ఈ ఊళ్లో పెద్దగా ఎవరూ ఉండరు. చలికాలం వస్తే ఉత్తరాది మంచు తప్పించుకోవడానికి రిటైరైన వాళ్లంతా ఇళ్లని చక్రాల మీద లాక్కుని వచ్చేస్తారు. చుట్టూ ప్రభుత్వ ఎడారి భూమి. కొన్నిచోట్ల 14 రోజులు ఉచితంగా ఉండొచ్చు, కొన్నిచోట్ల పర్మిట్ తీసుకుని సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా ఉండొచ్చు. కరెంటు ఉండదు, కుళాయి ఉండదు. మన దగ్గర తిరునాళ్లకి బళ్లు కట్టుకెళ్లి చెట్ల కింద దిగినట్టే.

ఊళ్లో పిరమిడ్ ఆకారంలో ఓ సమాధి ఉంది, పైన ఒంటె బొమ్మ. 1850ల్లో అమెరికా సైన్యం ఎడారిలో సామాన్ల మోతకి ఒంటెల్ని తెప్పించినప్పుడు వాటితో వచ్చిన హాజీ అలీది. ఇక్కడివాళ్లకి ఆ పేరు నోరు తిరగక 'హై జాలీ' చేసేశారు. ఆఫీసులో నా పేరు ఏమైందో విన్న నాన్న అక్కడ పగలబడి నవ్వారు.

రెండో రోజు పొద్దున అమ్మ కుక్కర్ కడుగుదామని సింకులో పెట్టింది. సింకు ఓ మూల లోపలికి కుంగింది. కింద అలమరా తీస్తే బియ్యం సంచి తడిసి ముద్ద. సింకు అంచు చుట్టూ ఉన్న పుట్టీ ఎప్పుడో ఎండి పగిలిపోయింది. ఆ పగుళ్లలోంచి ఏళ్ల తరబడి నీళ్లు దిగి ప్లైవుడ్ నానిన అట్టలా అయింది. 'అన్నీ చెక్ చేశానమ్మా' అని బయల్దేరేముందు నేను చెప్పిన మాట గుర్తొచ్చింది. అలమరా తీసి చూడనేలేదు మరి.

'పదండి, ఇంటికి పోదాం' అన్నారు నాన్న. అమ్మ ఏమీ అనలేదు. మడత కుర్చీ మడిచి లోపల పెట్టింది. ఆ కుర్చీలో కూర్చుని నిన్న సాయంత్రం ఆవిడ గంటసేపు కొండల్నే చూసింది. నాకు వెనక్కి వెళ్లబుద్ధి కాలేదు.

జనవరిలో క్వార్ట్‌సైట్ అంటే పెద్ద సంత. రాళ్లూ రప్పల నుంచి పాత పైపుల దాకా అన్నీ దొరుకుతాయి. కుక్కర్ సుబ్బరంగా పట్టేలా తొమ్మిది అంగుళాల లోతున్న స్టీలు సింకు కొనుక్కొచ్చాను. పక్క ట్రైలర్ పెద్దాయన, మిన్నెసోటా నుంచి వచ్చినాయన, టేపు పట్టుకుని ఒక్క నిమిషం చూసి తల అడ్డంగా ఊపారు.

సింకు కింద యు ఆకారంలో వంగిన గొట్టం ఉంటుంది కదా, ట్రాప్ అంటారు. అందులో నిలిచే నీళ్లే ట్యాంకు వాసన పైకి రాకుండా ఆపుతాయి. అక్కణ్నుంచి నీళ్లు గోడ దగ్గరి పైపులోకి వెళ్లాలి. సింకు లోతు పెరిగితే ట్రాప్ ఆ పైపు కంటే కిందకి దిగిపోతుంది. నీళ్లు పైకి ఎక్కవుగా! నాలుగేళ్లు ఇంజనీరింగ్ చదివి నేను పొడవూ వెడల్పే కొలిచాను.

మళ్లీ సంతకి. అమ్మినాయన వెనక్కి తీసుకోనన్నాడు. ఈసారి ఐదంగుళాల లోతుది, 15 అంగుళాల చదరం. రంధ్రం కాస్త పెద్దది చెయ్యాలి. వెనకాలే గ్యాస్ రాగి గొట్టం ఉందని పెద్దాయన మిషన్ వద్దని చేతి రంపం ఇచ్చారు. కుళ్లిన చెక్క కోసేసి, కింద కొత్త చెక్క పట్టీలు స్క్రూలతో బిగించాం. పుట్టీని జంతికల పిండిలా పొడుగ్గా చుట్టి అంచు కింద పరిచి, సింకు దించి, క్లిప్పులు బిగించాం. జాయింట్ల చుట్టూ టిష్యూ పేపర్ చుట్టి నీళ్లు వదిలాం. ఒకచోట తడిసింది. మళ్లీ బిగిస్తే పేపర్ పొడిగా ఉంది.

'ఆ అన్నయ్యగారికి ఉప్మా పెట్టు ముందు' అంది అమ్మ.

ఆ రాత్రి గిన్నెలు నేనే తోముతానని కుళాయి తిప్పాను. వెంటనే కట్టేసింది. 'ఏందిరా, నాలుగు గిన్నెలకి ఇన్ని నీళ్లా?' మా ట్యాంకు 75 లీటర్లు. వాడిన నీళ్లు నేల మీద పారబోయకూడదు, అవీ ఇంకో ట్యాంకులోకే. మొదటి రోజు నా ధాటికి సగం అయిపోయాయి. అమ్మ పెరిగింది ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టే ఊళ్లో. సింకులో ఓ బేసిన్ పెట్టింది. ముందు కాగితంతో తుడిచి, చెంబుడు నీళ్లతో తోమి, ఇంకో చెంబుతో కడిగేసింది. మిగిలిన రెండు రోజులూ ఆ కుళాయి మేం చెంబు నింపడానికే తిప్పాం.

కుక్కర్ అందులో పట్టదు. బయట బల్ల మీదే కడిగింది.

లోతు సింకు ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ బాల్కనీలో ఉంది. అడుగున రంధ్రం ఎలాగూ ఉంది కదా అని, ఊరికి బయల్దేరేముందు మట్టి పోసి మెంతులు చల్లి వెళ్లింది. మొన్న వీడియో కాల్‌లో మొలకలు చూపించమంది.