అంగారకుడికి వెళ్లిన డైరీ

ఇంట్లో వైఫై డబ్బా ఆగిపోతే ఏం చేస్తాం? స్విచ్ తీసి మళ్లీ వేస్తాం. పనిచేస్తే చాలు, ఎందుకు ఆగిందో ఎవరికి కావాలి! అదే డబ్బా అంగారకుడి మీద ఉంటే?

1997 జులై 4న నాసా వారి పాత్‌ఫైండర్ అక్కడ దిగింది. కొద్దిరోజులకే దాని కంప్యూటర్ తనంతట తానే ఆగి, మళ్లీ మొదలవడం ప్రారంభించింది. అలా జరిగిన ప్రతిసారీ ఆనాటి మిగతా పని మర్నాటికి వాయిదా. వెళ్లి విప్పి చూద్దామంటే కోట్ల కిలోమీటర్ల దూరం.

ఇంజినీర్లను ఆదుకుంది ఓ డైరీ. ఏ పని ఎప్పుడు మొదలైంది, ఎవరి కోసం ఎవరు ఆగారు... అన్నీ రాసుకునే ఏర్పాటది. 'ట్రేసింగ్' అంటారు. భూమ్మీది నకలు యంత్రంలో దాన్ని నడిపి, తప్పు మళ్లీ జరిగేదాకా కాచుకున్నారు. దొరికింది!

కథ మన ఇళ్లలోదే. నాన్న ఆఫీసుకెళ్లాలి. బండి తాళం చిన్నోడి దగ్గరుంది. వాణ్నేమో చుట్టపుచూపుగా వచ్చిన మావయ్య కబుర్లలో పెట్టాడు. అక్కడా అంతే. అత్యవసరమైన పనికి కావలసిన 'తాళం' వాతావరణ వివరాలు చూసే చిన్నపని దగ్గర ఉండిపోయింది. మధ్యస్థాయి పనులు దాన్ని కదలనివ్వలేదు. తాళం ఉన్నంతసేపూ చిన్నపనికీ పెద్దపనితో సమానంగా వంతు ఇవ్వాలన్నదే మందు. ఆ మార్పును భూమి నుంచే పంపారు.

లైనక్స్‌తో నడిచే పరికరాలకూ ఇలాంటి డైరీ ఉంది. పేరు ఎల్‌టీటీఎన్‌జీ. కెనడాలోని మాంట్రియల్‌లో 2005లో పుట్టింది. పీసీలోకైతే తేలిగ్గానే వస్తుంది. చిన్న పరికరంలోకి చేర్చడమే కష్టం. దాని ప్రాసెసర్‌కు సరిపడేలా వేరే కంప్యూటర్లో తయారుచేయాలి. కెర్నెల్‌ను గమనించే మాడ్యూళ్లు, మామూలు ప్రోగ్రాములను చూసే లైబ్రరీ, అన్నిటినీ నడిపే పనిముట్లు... మూడు మూటలు. మాడ్యూళ్లు ఆ కెర్నెల్ కొలతలకే కుట్టిన చొక్కాలు. కెర్నెల్ మారితే మళ్లీ కుట్టాల్సిందే. యోక్టో, బిల్డ్‌రూట్‌లలో ఈ మూటలు కట్టే పద్ధతి రాసిపెట్టే ఉంటుంది. జాగా తక్కువ కాబట్టి పాతది చెరిపి కొత్తది రాసుకునేలా పెట్టుకోవచ్చు. చదవడం మరో కంప్యూటర్లో.

పరీక్షలప్పుడు వాడిన డైరీని పాత్‌ఫైండర్ ఇంజినీర్లు ప్రయాణానికి ముందు తీసేయలేదు. ఏది పరీక్షించామో అదే పంపాలన్నది వాళ్ల నియమం. మనమూ అంతేగా... ఊరెళ్లేటప్పుడు మందుల డబ్బా సర్దుకునేది జ్వరం వచ్చాక కాదు, బయల్దేరేముందే!