బట్ట కోసం వచ్చిన ఓడలు

మచిలీపట్నం, అదే బందరు, మంచి రేవు కాదు. ఏ కాలంలోనూ కాదు. తీరం పొడవునా కృష్ణమ్మ తెచ్చిపోసిన ఒండ్రు, ఎంత దూరం పోయినా లోతు పెరగని సముద్రం. పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేక దూరాన లంగరు వేసుకుని నిలబడితే, సరుకును పడవల మీద చేరవేసేవారు. గాలివాన వస్తే ఆసరాకు కొండ చాటు కూడా లేదు. అయినా పారశీకులు, వలందులు (డచ్చివాళ్లు), ఇంగ్లీషువాళ్లు, పరాసులు (ఫ్రెంచివాళ్లు) ఒకరి వెనక ఒకరు ఇక్కడికే వచ్చారు. వాళ్లను రప్పించింది రేవు కాదు, బందరు చుట్టుపక్కల ఊళ్లలో నేసి, అద్దిన బట్ట.

కృష్ణా తీరపు ఇసుక నేలల్లో చిరివేరు అనే మొక్క పెరిగేది. దాని వేరు నుంచి తీసిన ఎరుపు ఎన్ని ఉతుకులకైనా నిలిచేది. నిజాంపట్నం వైపు దొరికే వేరుకు మరీ పేరు. ఆ రంగు వేసిన నూలు బట్టలను గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో ఇక్కడి నుంచి పారశీకానికీ, ఎర్ర సముద్రపు రేవులకూ, బర్మాకూ, సుమత్రాకూ ఎగుమతి చేసేవారు. డచ్చివాళ్లు 1605లో దిగారు. ఆరేళ్లకు, 1611లో, 'గ్లోబ్' ఓడ మీద ఇంగ్లీషు కంపెనీవాళ్లు వచ్చారు. మద్రాసు కోటకు పునాది పడటానికి చాలా ముందే వాళ్ల వ్యాపారం బందరులో సాగుతోంది. తూర్పు దీవుల్లో మిరియాలు, లవంగాలు కొనాలంటే అక్కడివాళ్లు అడిగేది మన బట్టే మరి. అందుకే బందరు మగ్గం ఆడకపోతే ఐరోపావాళ్ల సుగంధద్రవ్యాల బేరం కుంటుపడేది.

ఆ పనితనం కలంకారీ అద్దకంగా ఇంకా బతికే ఉంది, బందరుకు దగ్గర్లోని పెడనలో. ముందు గుడ్డను కరక్కాయ నీళ్లలో తడిపి ఎండబెడతారు. టేకు చెక్క మీద చెక్కిన అచ్చులు వరుసగా పేర్చి ఉంటాయి. ఒకే పువ్వుకు గీతల అచ్చు వేరు, నింపుడు అచ్చు వేరు. తుప్పు ఇనుమును బెల్లం నీళ్లలో రోజుల తరబడి నానబెడితే వచ్చిన ద్రావణంతో నల్ల గీత అద్దుతారు. ఎరుపు రావలసిన చోట అద్దేది పటిక. అప్పటికి అక్కడ ఎరుపు జాడే ఉండదు. గుడ్డను పారే నీటిలో జాడించి, మంజిష్ఠ వంటి వేళ్లు వేసిన రాగి పాత్రలో మరిగిస్తేనే పటిక తగిలిన చోటల్లా ఎరుపు తేలుతుంది. అచ్చు వేసేవాడు కొలబద్ద పట్టడు. కంటి అంచనాతోనే అచ్చు పక్కన అచ్చు కలిపి, అరచేత్తో ఒక్క దెబ్బ వేస్తాడు. ఇదే నమూనాను స్క్రీన్ అచ్చుతో రసాయనపు రంగుల్లో వేసి, కలంకారీ పేరుతోనే చవగ్గా అమ్ముతున్నారు. కొనేవాళ్లు ఒక్క నిమిషం ఆగి, ఇది చెక్క అచ్చుతో అద్దిందా, సహజ రంగేనా అని అడగాలి. ఆ ఒక్క ప్రశ్న మీద పెడనలో చాలా ఇళ్ల కూడు ఆధారపడి ఉంది.

బందరు ఊళ్లో తిరిగితే వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట అన్నీ తగులుతాయి. పరాసులు 1750లో పట్టణాన్ని చేజిక్కించుకుంటే, 1759 ఏప్రిల్‌లో ఇంగ్లీషు కల్నల్ ఫోర్డ్ సేన రాత్రివేళ కోట మీద పడి గుంజుకుంది. కోటతోపాటు ఉత్తర సర్కారుల మీద పరాసుల పట్టు కూడా జారిపోయింది. అయినా బందరులో వాళ్ల చిన్న స్థావరం మీద హక్కు మాత్రం 1947 దాకా వాళ్లదే. బందరుకోటలో ఇప్పుడు మిగిలింది ఆయుధాగారపు శిథిలాలు, కొన్ని గోడలు. డచ్చి సమాధుల తోటలో వంశ చిహ్నాలతో, ఉబ్బెత్తు అక్షరాలతో చెక్కిన రాళ్లున్నాయి. ఎక్కడో పుట్టి, బట్టల బేరానికి వచ్చి, ఈ మట్టిలో కలిసిపోయిన వాళ్లవి. చరిత్ర చదివే పిల్లలను ఒక్కసారైనా తీసుకెళ్లి చూపించవలసిన చోటు అది.

1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన వచ్చింది. సముద్రం పట్నం మీదికి లేచి, మైళ్ల కొద్దీ లోపలి పల్లెలను ముంచేసింది. దాదాపు 30,000 మంది చనిపోయారు. ఆ దెబ్బకు ఇంగ్లీషు ప్రభుత్వం సైన్యాన్ని ఇక్కడి నుంచి ఎత్తేసింది. వ్యాపారం మద్రాసుకు, కాకినాడకు తరలింది. అప్పటికే ఇంగ్లండు మిల్లు గుడ్డ నేతగాళ్లను దెబ్బతీసి ఉంది.

అంతటితో ఊరు చచ్చిపోవలసింది. చావలేదు. 1902లో కృష్ణా పత్రిక ఇక్కడే పుట్టింది. ముట్నూరి కృష్ణారావు సంపాదకుడిగా దాన్ని ఆంధ్రదేశపు గొంతు చేశారు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి, భోగరాజు పట్టాభిసీతారామయ్య కలిసి నడిపిన ఆంధ్ర జాతీయ కళాశాలలో చదువుతోపాటు చేతిపనులూ నేర్పేవారు. చిత్రకారుడు ప్రమోదకుమార ఛటర్జీ బొమ్మలు నేర్పింది అక్కడే. జాతీయ పతాకానికి రూపమిచ్చిన పింగళి వెంకయ్య పాఠాలు చెప్పిందీ అక్కడే. ఆయన్ను జనం పత్తి వెంకయ్య అని పిలిచేవారు, మేలురకం పత్తి మీద అంతగా పనిచేసినందుకు. పట్టాభి 1923లో ఆంధ్రా బ్యాంకును స్థాపించింది కూడా బందరులోనే. చిలకలపూడి రోల్డుగోల్డు నగలు, రోట్లో దంచి కట్టే తొక్కుడు లడ్డు... ఈ ఊరివాళ్లు చేత్తో చేసి బతకడం ఎన్నడూ మానలేదు.

ఇప్పుడు మంగినపూడి దగ్గర కొత్త పోర్టు కడుతున్నారు. 2023లో పనులు మొదలయ్యాయి. సముద్రంలోకి అలలను ఆపే రాతి కట్టలు వేసి, ఓడలు ఒడ్డుదాకా వచ్చేలా అడుగు మట్టిని యంత్రాలతో తవ్వి లోతు చేస్తున్నారు. ఇన్నేళ్లకు బందరుకు లోతైన రేవు రాబోతోంది. ఆ రేవు సరుకుల జాబితాలో బొగ్గు, ఎరువులు, ధాన్యంతోపాటు పెడన బట్టకూ చోటు దక్కాలంటే పెడన అద్దకం పనివాళ్లకు పారే మంచినీరు, సరసమైన ధరకు నూలు గుడ్డ ముందు అందాలి.