సోమవారం ఖరీదు

మిల్టన్ కీన్స్‌లోని ఆ వంటింటి గోడకు రెండు క్యాలెండర్లు వేలాడుతుంటాయి. ఒకటి ఒంగోలు నుంచి వచ్చిన తెలుగు క్యాలెండరు, ఏకాదశులూ అమావాస్యలూ చూసుకోవడానికి. రెండోది స్కూలు టర్మ్ తేదీల ప్రింటవుటు. దాని మీద ఎర్ర పెన్నుతో సున్నా చుట్టిన రోజుల్లో ఇంటావిడకు జీతం వచ్చేది కాదు.

ఊళ్లో ఉన్నప్పుడు ఆమె పదకొండేళ్లు ఓ కార్పొరేట్ జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పింది. దసరా సెలవుల్లో స్టడీ అవర్లు. సంక్రాంతికి మూడు రోజులు వదిలితే గొప్ప. మే నెల జీతం ఒక ఏడు సగం, ఒక ఏడు అదీ లేదు. సెలవులకు డబ్బు అడగొచ్చన్న ఊహే ఆ ఉద్యోగంలో పుట్టదు. భర్తకు ఇంగ్లండులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం రావడంతో డిపెండెంట్ వీసా మీద వెంట వచ్చింది. 2023 ఫిబ్రవరి నుంచి ఇండియాలో శిక్షణ పొందిన లెక్కలు, సైన్సు, భాషల టీచర్లకు కూడా అక్కడి క్వాలిఫైడ్ టీచర్ స్టేటస్‌కు దరఖాస్తు చేసుకునే దారి తెరిచారు. కాగితాలు చేతికి రాగానే, ఆ సెప్టెంబరులో సప్లై టీచరుగా చేరింది. అంటే, ఏ బడిలో టీచరు సెలవు పెడితే ఆ బడికి ఏజెన్సీ పంపే మనిషి. పొద్దున్నే ఏడింటికి ఫోను మోగితే పని. మోగలేదా, ఆ పూట ఇడ్లీ పిండి రుబ్బుకోవచ్చు.

రోజుకు 140 పౌండ్లు అన్నారు. సంతకం పెట్టేసింది. ‘హాలిడే పేతో కలిపి’ అన్న ముక్క కాంట్రాక్టులో ఉంది కానీ, లెక్కల టీచరు దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

2024 జూలై ఆఖరున బళ్లు మూసేశారు. ఆరు వారాలు. ఆగస్టులో ఆమె ఖాతాలో ఒక్క పౌండు పడలేదు. ఒంగోల్లో అమ్మ చేత కట్టిస్తున్న చీటీకి మాత్రం ఆగస్టు అనీ లేదు, సెలవలనీ లేదు. నెలకు 20,000 రూపాయలు కట్టాల్సిందే. అది కాస్తా భర్త జీతం మీద పడింది. ఏజెన్సీకి ఫోన్ చేసి, నా హాలిడే పే ఏదండీ అని అడిగితే, వారం వారం ఇస్తూనే ఉన్నాం, పేస్లిప్పు చూసుకోండి అన్నారు. చూసుకుంది. రోజుకు 124.92 జీతం, 15.08 సెలవు డబ్బు. వేసవిలో తినాల్సిన గింజల్ని వారం వారం బస్సు ఛార్జీలకూ కాఫీలకూ తెలియకుండానే ఖర్చుపెట్టేసింది.

ఆ 15.08 ఎక్కడిదో తేలేదాకా ఆమెకు నిద్ర పట్టలేదు. బ్రిటన్లో ఏ ఉద్యోగికైనా ఏడాదికి 5.6 వారాల జీతంతో కూడిన సెలవు హక్కు. 52 వారాల్లోంచి అది తీసేస్తే పనిచేసేవి 46.4 వారాలు. 5.6ని 46.4తో భాగిస్తే 12.07 శాతం. గంట లెక్కనో రోజు లెక్కనో పనిచేసేవాళ్లకు సంపాదన మీద ఇంత శాతం సెలవు డబ్బు అన్నమాట.

ఈ శాతం మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఓ టీచరు పక్క ఊరు బెడ్‌ఫర్డ్‌లోనే పనిచేసేదని తెలిశాక ఆమెకు హుషారు వచ్చింది. లెస్లీ బ్రెజెల్ అక్కడి బాలికల పాఠశాలలో శాక్సఫోన్, క్లారినెట్ నేర్పేది. పాఠాలు టర్ముల్లోనే. యాజమాన్యమైన హార్పర్ ట్రస్టు 2011 నుంచి ఆమెకు 12.07 శాతం లెక్కన ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ లెక్క ఏడాది పొడుగునా పనిచేసేవాళ్లది కదా, నా వారాలే తక్కువ కదా అని ఆమె వాదన. ఏడాదికి 32 వారాలే పనిచేసే మనిషికి 5.6 వారాల సగటు జీతమిస్తే అది 17.5 శాతం అవుతుంది. 2022 జూలై 20న సుప్రీంకోర్టు ఆమె వైపే తీర్పు చెప్పింది. తర్వాత ప్రభుత్వం నిబంధనలే మార్చింది. 2024 ఏప్రిల్ 1 నుంచి మొదలయ్యే సెలవు సంవత్సరాలకు, ఏడాదిలో కొంతకాలమే పనిచేసేవాళ్లకు మళ్లీ 12.07 శాతమే. వారం వారం జీతంలో కలిపి ఇచ్చేయడమూ అప్పుడే చట్టబద్ధమైంది. గెలుపు బ్రెజెల్‌ది, మార్పు మన కథానాయిక నెత్తిన.

సరే, చేయగలిగింది చేద్దామని 2024 సెప్టెంబరులో రెండో ఏజెన్సీని కదిపింది. వాళ్లిచ్చే రేటు 130, హాలిడే పే విడిగా. పది పౌండ్లు తగ్గుతుంటే ఎందుకు మారడం అన్నాడు భర్త. కాగితం మీద వేసి చూపించింది. 130కి 12.07 శాతం కలిపితే 145.69. రోజుకు 5.69 ఎక్కువ, 150 రోజులు పనిచేస్తే 850 పౌండ్ల పైమాటే. పైగా సెలవు డబ్బు విడిగా కుండలో పడుతుంది. ఏడాదికి 2,353 పౌండ్లు. చీటీ పాట పాడేవాళ్ల కూతురికి ఇది వేరే చెప్పాలా!

ఇంగ్లండులో బ్యాంక్ హాలిడేలు ఎనిమిది. క్రిస్మస్, ఈస్టర్, ఆగస్టు ఆఖరు సోమవారం వగైరా ఏడూ ఎలాగూ బడి సెలవుల్లోనే వస్తాయి. టర్ము మధ్యలో వచ్చేది మే మొదటి సోమవారం ఒక్కటే. పర్మనెంట్ టీచరుకు అది ఊరకే వచ్చిన విశ్రాంతి, జీతం తగ్గదు. సప్లై టీచరుకు ఆ వారం నాలుగు రోజుల కూలి. 2023 మేలో రాజు పట్టాభిషేకానికని ఇంకో సోమవారం సెలవిచ్చారు. ఆ నెల సప్లై టీచర్లు రాజుగారిని ఏమని దీవించారో!

2025 ఈస్టర్ సెలవుల్లో ఓ బడి పదో తరగతి వంటి జీసీఎస్ఈ పరీక్షలకు రివిజన్ క్లాసులు చెప్పమంది. గంటకు 30 పౌండ్లు. ఒక రోజు ఏప్రిల్ 21, ఈస్టర్ సోమవారం. ‘బ్యాంక్ హాలిడే కదా, రేటు పెరుగుతుందా?’ అని అడిగింది. స్పిన్నింగు మిల్లులో పనిచేసిన నాన్నకు ఆగస్టు 15న డ్యూటీ పడితే రెండు రోజుల జీతం వచ్చేది మరి. ఇక్కడ అలాంటిదేమీ లేదు. పండగ పూట పనిచేస్తే ఎక్కువ ఇవ్వాలని చట్టం చెప్పదు. అసలు ఆ రోజు సెలవిచ్చి తీరాలని కూడా చెప్పదు. ఉన్నదంతా కాంట్రాక్టులోనే. మూడు గంటలు చెప్పి 90 పౌండ్లు తెచ్చుకుంది. ఇంట్లో కూర్చుంటే సున్నా.

ఆ సాయంత్రం దుబాయ్‌లో టీచరుగా ఉన్న పిన్ని కూతురు ఫోనులో గొప్పలు పోయింది. ‘మాకైతే చట్టముందక్కా. పండగ నాడు పనిచేయిస్తే బదులు సెలవైనా ఇవ్వాలి, లేదంటే ఆ రోజు జీతం మీద యాభై శాతమైనా!’ నిజమే, 2021 నాటి యూఏఈ కార్మిక చట్టంలో ఉంది. అయితే ఆ యాభై శాతం బేసిక్ మీద. చెల్లెలి 6,000 దిర్హమ్‌లలో బేసిక్ 3,000. మిగతాది ఇంటి అలవెన్సు, రవాణా. రోజుకు వంద, అందులో సగం యాభై దిర్హమ్‌లు. ఉద్యోగం మానేటప్పుడు వచ్చే గ్రాట్యుయిటీ కూడా ఆ బేసిక్ మీదే లెక్కకడతారని అక్క చెప్పేసరికి అవతల గొంతు సన్నబడింది.

2025 వేసవికి ఆమె ఆరితేరింది. ఆదాయపు పన్నుకు ఏడాది లెక్క ఉంటుంది కానీ నేషనల్ ఇన్సూరెన్సుకు ఏ వారం జీతానికి ఆ వారమే. వారానికి 242 పౌండ్లు దాటిన మొత్తం మీదే కోత, 967 దాకా 8 శాతం, ఆపైన 2 శాతం. కుండలో మిగిలిన 1,294 పౌండ్లను ఒకే వారంలో లాగేస్తే 64 పౌండ్ల దాకా పోతుంది. అందుకని ఐదు వారాలు వారానికి 240 చొప్పున సెలవు పెట్టి, ఆరో వారానికి 94 ఉంచింది. సెలవు సంవత్సరం ఆగస్టు 31తో ముగుస్తుంది. ఫారం పంపడానికి గడువు ఎప్పుడూ సోమవారం సాయంత్రం. మంగళవారం మెయిలు తెరిస్తే, నిన్న బ్యాంక్ హాలిడే కాబట్టి గడువును శుక్రవారం మధ్యాహ్నానికే జరిపామని ఉంది. 94 పౌండ్లూ పోయాయి. 64 మిగిల్చి 94 పోగొట్టుకున్న ఘనత గురించి ఆ ఇంట్లో ఇప్పటికీ నవ్వుకుంటారు.

ఆ తర్వాత, తరచూ వెళ్లే బడిలోనే వారానికి మూడు రోజుల పర్మనెంట్ ఉద్యోగం వచ్చింది. జీతం పన్నెండు సమాన భాగాలు, ఆగస్టుతో సహా. ఏజెన్సీ టీచర్లకు దొరకని టీచర్స్ పెన్షన్ కూడా ఉంది. 2024 ఏప్రిల్ నుంచి అందులో యజమాని వాటాయే 28.68 శాతం. చేరతానంది. ఏ మూడు రోజులు కావాలని హెడ్‌టీచరు అడిగారు.

“సోమవారం మాత్రం తప్పకుండా ఉండాలండీ. మిగతా రెండూ మీ ఇష్టం.”

“అందరూ సోమవారమే వద్దంటారే!” అంటూ ఆయన రాసుకున్నారు.