హొసకోటలో ఒక బ్లాకు

పావగడ పేరుకే తుమకూరు జిల్లా తాలూకా. చుట్టూ దాదాపు ఆంధ్రానే. బోర్డులు కన్నడంలో, మాటలు తెలుగులో. తిరుమణి సోలార్ పార్కు వచ్చాక ఈ తాలూకా పేరు బయటివాళ్ళకు తెలిసింది గానీ, ఇక్కడి వై.ఎన్. హొసకోట పట్టుచీరలకు అంతకుముందు నుంచే పేరుంది. అక్కడ ఒక నేత ఇంటికి వెళ్ళాను. ఆ ఇంటి పెద్దావిడకు ఊపిరితిత్తుల క్యాన్సర్.

ఆమె మంచంలో ఉంటుందనుకున్నాను. మగ్గం పక్కన కూర్చుని కండెలు చుడుతోంది. "బీడీలు తాగేవాళ్ళకే వస్తాదంటారు గదప్పా, నాకెట్ల వచ్చె?" అని నన్నే అడిగింది.

కొడుకు బీరువాలోంచి ఒక చిన్న డబ్బీ తీసి చూపించాడు. లోపల బొటనవేలంత ప్లాస్టిక్ బిళ్ళ. దాని మీద తెల్లటి మైనం, మైనంలో ఆమె బయాప్సీలో తీసిన, దారప్పోగుల్లా సన్నటి కండముక్కలు రెండు. అంచున పెన్సిల్‌తో నంబరు. "బెంగుళూరులో దీన్నే అడిగినారు సార్. రిపోర్టుంటే చాలనుకుంటిమి. మళ్ళీ బస్సెక్కి పోయి బ్లాకు ఇప్పించుకొని వచ్చినా."

ఆ మైనంలోంచి పలచని పొరలు కోసి, పాథాలజిస్టు క్యాన్సర్ కణాలున్న చోటు గుర్తుపెడితే, అక్కణ్ణుంచి డీఎన్ఏ తీస్తారు. ఈమెకు ఈజీఎఫ్ఆర్ జన్యువులో మార్పు తేలింది. పొగతాగని ఆడవాళ్ళ ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఇది తరచూ కనిపిస్తుంది. ఈ మార్పు ఉన్నవాళ్ళకు జెఫిటినిబ్ అనే మందు బాగా పనిచేస్తుందని 2004లో బయటపడింది. హైదరాబాదు నాట్కో లాంటి కంపెనీలు దాన్ని జెనరిక్‌గా చేస్తున్నాయి. రోజుకొక మాత్ర, అంతే.

"ఐదొందల జీన్లు ఒకేసారి చూసే టెస్టు ఉందంట, చేయించల్లా సార్?" అన్నాడు కొడుకు. ఇప్పటికి అక్కర్లేదనే అనిపించింది. డాక్టరుగారూ అదే చెప్పారట. పెద్ద పరీక్షలో కనబడే మార్పుల్లో చాలావాటికి మందే లేదు. అలాగని అది దండగా కాదు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఏఎల్‌కే, ఆర్ఓఎస్1, బ్రాఫ్ అంటూ మందున్న మార్పులు చాలానే ఉన్నాయి. ఒక్కొక్కటే వెతుక్కుంటూ పోతే సూదితో తీసిన ఆ కాస్త ముక్కా మధ్యలోనే అయిపోతుంది. అలాంటప్పుడు అన్నీ ఒకేసారి చూడటమే మేలు. ఇక మందు సంగతికొస్తే, ఏడాది అటూఇటూగా జెఫిటినిబ్ పట్టు తప్పడం మామూలే. అలా తప్పినవాళ్ళలో సగం మందిలో టీ790ఎం అనే కొత్త మార్పు ఉంటుంది. దానికి ఒసిమెర్టినిబ్ అనే మందు ఉంది. టీ790ఎం పరీక్ష ముందు రక్తంతోనే చేసి చూడొచ్చు.

ఈ పరీక్షలు చేసే పెద్ద యంత్రాలు బెంగుళూరులో ఉన్నాయి, నిజమే. కానీ పరీక్షల జాతకం తేలేది చిన్న ఊళ్ళో బయాప్సీ జరిగిన పూటే. తీసిన ముక్కను వెంటనే పది శాతం బఫర్డ్ ఫార్మలిన్‌లో వేయాలి. ఆరు గంటలకు తక్కువ కాకుండా, 72 గంటలు దాటకుండా ఉంచాలి. సెలైన్ సీసాలో వేసి మరుసటి రోజు పంపినా, ఫార్మలిన్‌లోనే వారాల తరబడి వదిలేసినా డీఎన్ఏ చెడిపోతుంది. ఆ తర్వాత ఎంత ఖరీదైన పరీక్షైనా చేతులెత్తేస్తుంది.

మీ ఇంట్లో ఎవరికైనా బయాప్సీ జరిగితే రిపోర్టుతో పాటు బ్లాకు నంబరు రాసిపెట్టుకోండి. పెద్దాసుపత్రికి వెళ్ళేముందు ల్యాబులో అర్జీ ఇచ్చి బ్లాకు తీసుకోండి. ఎండ తగలని చోట దాచండి. బస్సు కిటికీ పక్కన మాత్రం పెట్టకండి, మైనం కరుగుతుంది.